క్షమించమన్నారు సరే, మళ్ళీ నమ్మమన్నారా?

విశాఖలో చాలా క్రైస్తవ ఇళ్ళలో గొడవ ముదిరితే ముందు వెళ్ళేది పోలీస్ స్టేషన్‌కి కాదు, లాయరు దగ్గరికీ కాదు. పాస్టరు గారి దగ్గరికి. జ్ఞానాపురం వైపు అయితే ఫాదర్ గారి దగ్గరికి. అన్నదమ్ముల మధ్య పెందుర్తి స్థలం తగాదా కానివ్వండి, తాగొచ్చి చెయ్యి చేసుకునే భర్త కానివ్వండి, చీటీ డబ్బులు ఎగ్గొట్టిన స్నేహితురాలు కానివ్వండి, మొదటి పంచాయితీ అక్కడే. అందులో తప్పేమీ లేదు. ఏళ్ళ తరబడి వాయిదాలకు తిరగడం కంటే మనల్ని చిన్నప్పటి నుంచీ ఎరిగిన మనిషి ముందు కూర్చోవడం నయమే. చిక్కంతా ఆ పంచాయితీ చివర్లో వచ్చే ఒక్క మాటతోనే. "క్షమించెయ్యమ్మా. ప్రభువు మనల్ని క్షమించలేదా?"

ఆ మాటకు ఎదురు చెప్పడం కష్టం. బైబిల్లో ఉంది మరి. అయితే ఆ ఒక్క మాటలో నాలుగు వేరువేరు కోరికలు చుట్టేసి ఉంటాయి. పగ వదిలెయ్ అన్నది ఒకటి. మళ్ళీ కలిసిపో అన్నది రెండోది. మునుపటిలాగే నమ్ము అన్నది మూడోది. ఇక డబ్బు మాట, కేసు మాట ఎత్తకు అన్నది నాలుగోది. చెప్పేవాళ్ళు నాలుగూ కలిపి ఒకటే అనుకుని చెప్తారు, వినేవాళ్ళు నాలుగూ కలిపి మింగలేక నలిగిపోతారు. నేను చదివినంతలో బైబిలు మొదటిది అందర్నీ అడుగుతుంది, గట్టిగానే అడుగుతుంది. మిగతా మూడూ దెబ్బతిన్న మనిషి ఒక్కరి చేతిలో ఉన్నవి కావు. వాటికి దెబ్బకొట్టినవాడు కూడా కదలాలి.

"మీ శత్రువులను ప్రేమించుడి" అన్న మాటకు మన ఊరితో పాత సంబంధమే ఉంది. 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ అనే ఇద్దరు విశాఖపట్నం వచ్చి, తెలుగు నేర్చుకుని, సువార్తలను తెలుగు చేసే పని మొదలుపెట్టారు. ఆనందరాయర్ అనే ఆయన వాళ్ళకు తోడు నిలిచాడు. అచ్చు చూడకుండానే క్రాన్ 1809లోనూ, డెస్ గ్రాంజెస్ 1810లోనూ చనిపోయారు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో బెంగాల్లోని సెరాంపూర్‌లో అచ్చయ్యాయి. రెండొందల ఏళ్ళకు పైగా ఈ ఊళ్ళో చదువుతున్న మాట ఇది. సండే స్కూల్లో బట్టీ పట్టి, బహుమతిగా స్టీలు గిన్నె కూడా తెచ్చుకున్న మాట. మరీ అలవాటైపోయి, దాని పక్కన ఏం రాసి ఉందో చూడటం మానేశాం.

పక్కనే రాసి ఉంది. మిమ్మల్ని హింసించేవాళ్ళ కోసం ప్రార్థన చేయండి అని. లూకా 6లో ఇంకాస్త వివరంగా ఉంటుంది: మేలు చేయండి, దీవించండి, ప్రార్థించండి. రోమా 12లో పౌలు సామెతల గ్రంథం నుంచి ఎత్తి రాసింది, శత్రువు ఆకలితో ఉంటే అన్నం పెట్టు, దాహంతో ఉంటే నీళ్ళివ్వు అని. ఇవన్నీ చేతితో, నోటితో చేసే పనులు. వాణ్ణి చూడగానే గుండె ఉప్పొంగాలని ఎక్కడా లేదు. ఈ మాటలు విన్న జనం రోమా సైన్యం కింద బతికినవాళ్ళు. సైనికుడు దారిన పోయేవాణ్ణి ఆపి మూట మోయించే కాలం అది. ఒక మైలు రమ్మంటే రెండు మైళ్ళు వెళ్ళమన్న మాట అక్కణ్ణుంచే వచ్చింది. ఆ సైనికుణ్ణి ఇంటికి పిలిచి పిల్లనివ్వమని యేసు చెప్పలేదు. వాడి చెడు కోరుకోవద్దు, వాడికి అవసరం వచ్చిన రోజు మొహం తిప్పుకోవద్దు అన్నాడు. ఇది చిన్న విషయమేమీ కాదు. మనకు అన్యాయం చేసినవాడు కేజీహెచ్ ఆసుపత్రిలో మంచం మీద ఉన్నాడని తెలిసినప్పుడు లోపల ఎక్కడో "అనుభవించనీ" అన్న మాట లేస్తుంది చూడండి, దాన్ని అణచి క్యారేజీ పంపడం ఎంత కష్టమో పంపినవాళ్ళకే తెలుసు.

ఇప్పుడు ఆ మాట మన దగ్గర ఎలా వాడుతున్నారో చూద్దాం. కంచరపాలెంలో ఒక ఇంట్లో కాటేజ్ ప్రేయర్ అనుకోండి. హాల్లో చాపలు, గోడ వారన పెద్దవాళ్ళకు ప్లాస్టిక్ కుర్చీలు. వంటింట్లో టీ మరుగుతోంది. వాక్యం అయ్యాక సంఘ పెద్ద ఒకాయన తోడికోడళ్ళిద్దర్నీ ముందుకు పిలుస్తాడు. చిన్నకోడలి మూడు తులాల గొలుసు పెద్దకోడలు "వారంలో ఇచ్చేస్తాను" అని తీసుకెళ్ళి తాకట్టు పెట్టింది. ఏడాది దాటింది. వడ్డీ పెరుగుతోంది. ఈ సంగతి ఆ హాల్లో అందరికీ తెలుసు, ఎవరూ ఎత్తరు. "ఏటమ్మా, ఇంకా మనసులో పెట్టుకున్నావా? ఆదివారం బల్ల ఉంది. సమాధానపడకుండా బల్లలో చెయ్యి వేస్తావా?" అని ఆయన అడిగేది చిన్నకోడల్నే. బల్ల అంటే చర్చిలో రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ప్రభువు భోజనం. పెద్దకోడల్ని ఏమీ అడగడు. "వందనాలు అక్కా" అని ఈమె, "వందనాలమ్మా" అని ఆమె. అందరూ స్తోత్రం అంటారు. టీ వస్తుంది. గొలుసు మాత్రం తాకట్టు కొట్లోనే ఉంటుంది.

ఇలాంటప్పుడు పెద్దలు ఎత్తే వచనం మత్తయి 5:23. బలిపీఠం దగ్గర అర్పణ తెచ్చినప్పుడు, "నీమీద నీ సహోదరునికి విరోధమేమైననుకలదని" జ్ఞాపకం వస్తే, అర్పణ అక్కడే వదిలి ముందు వెళ్ళి సమాధానపడు అని ఉంటుంది. మరోసారి నెమ్మదిగా చదవండి. నీకు ఎవరి మీద కోపం ఉందో వాళ్ళ దగ్గరికి వెళ్ళమని కాదు. ఎవరికి నీ మీద ఫిర్యాదు ఉందో వాళ్ళ దగ్గరికి. అంటే బల్ల దగ్గర ఆగాల్సింది గొలుసు పోగొట్టుకున్న మనిషి కాదు, గొలుసు తీసుకెళ్ళిన మనిషి. మనవాళ్ళు సరిగ్గా తిరగేసి వాడుతున్నారు. దెబ్బతిన్నవాళ్ళు ఎలాగూ మెత్తబడి ఉంటారు కాబట్టి వాళ్ళని ఒప్పించడం తేలిక. కొట్టినవాణ్ణి కూర్చోబెట్టి అడగడం కష్టం. ఈ తిరగేతకు అసలు కారణం అదేనని నా అనుమానం.

అన్యాయం జరిగినవాళ్ళు ఏం చేయాలో యేసు విడిగా చెప్పాడు, మత్తయి 18లో. ముందు అతను, నువ్వు ఒంటరిగా ఉన్నప్పుడు తప్పు తెలియజెయ్యి. వినకపోతే ఒకరిద్దర్ని సాక్షులుగా తీసుకెళ్ళు. అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పు. సంఘం మాటా వినకపోతే బయటివాడిగా ఎంచుకో. అదే అధ్యాయంలో ఆ వెంటనే పేతురు ఎన్నిసార్లు క్షమించాలని అడగడం, ఏడు డెబ్బదుల మారులు అని యేసు చెప్పడం వస్తాయి. ఏడు డెబ్బదులు ప్రతి ప్రసంగంలోనూ వినిపిస్తుంది. దాని పైనున్న నాలుగు మెట్లు ఎప్పుడో గాని వినిపించవు. లూకా 17:3 అయితే ఇంకా సూటిగా ఉంటుంది: నీ సహోదరుడు తప్పు చేస్తే గద్దించు, మారుమనస్సు పొందితే క్షమించు. ఈ లెక్కన ఆ కంచరపాలెం హాల్లో జరగాల్సింది ఏమిటంటే, ఇద్దరు సాక్షుల ముందు అసలెంత, వడ్డీ ఎంత, నెలకు ఎంత చొప్పున కట్టి ఎప్పటికి విడిపిస్తావు అని పెద్దకోడల్ని అడిగి ఒక కాగితం మీద రాయించడం. వందనాలు ఆ తర్వాత చెప్పుకోవచ్చు. పన్నులు వసూలు చేసే జక్కయ్య ఇంటికి యేసు వెళ్ళినప్పుడు జక్కయ్య సాక్ష్యం చెప్పి ఊరుకోలేదు. ఎవరి దగ్గర అన్యాయంగా తీసుకున్నానో వాళ్ళకు నాలుగింతలు ఇస్తానన్నాడు.

పగ వదలడానికీ, నమ్మడానికీ మధ్య దూరం ఎంతో చూడాలంటే యోసేపు కథ చదవాలి. మన ప్రసంగాల్లో ఆ కథ గోతి నుంచి సింహాసనానికి ఒక్క దూకు దూకుతుంది. ఆదికాండం 42 నుంచి 45 వరకు జరిగినదంతా ఎగిరిపోతుంది. కుర్రతనంలో తనను గోతిలో పడేసి బానిసగా అమ్మేసిన అన్నలే, కరువులో ధాన్యం కోసం, యోసేపు అధికారిగా ఉన్న ఐగుప్తు వచ్చారు. యోసేపు వాళ్ళని గుర్తుపట్టాడు, వాళ్ళు గుర్తుపట్టలేదు. ఆయన తానెవరో చెప్పలేదు. వేగులవాళ్ళు మీరు అన్నాడు, మూడు రోజులు కావలిలో పెట్టాడు. వాళ్ళలో వాళ్ళు "ఆ రోజు తమ్ముడు బతిమాలుతుంటే వినలేదు, అందుకే ఈ కష్టం" అనుకోవడం విన్నాడు. ఒకే వచనంలో రెండు పనులు ఉన్నాయి: పక్కకు తిరిగి ఏడ్చాడు, మళ్ళీ వచ్చి అన్నల్లో ఒకడైన షిమ్యోనును వాళ్ళ కళ్ళెదుటే బంధించాడు. ఏడ్చింది నటన కాదు, బంధించింది పగా కాదు. వెళ్ళేటప్పుడు సంచుల నిండా ధాన్యం పోయించాడు, దారి బత్తెం ఇచ్చాడు, వాళ్ళిచ్చిన డబ్బు కూడా తిరిగి అందులోనే పెట్టించాడు. అంటే ఆకలి తీర్చడానికి వాళ్ళు మారారా లేదా అని ఆగలేదు. పేరు చెప్పడానికి మాత్రం ఆగాడు. ఎప్పటి వరకు? అందరికంటే చిన్న తమ్ముడు బెన్యామీను చిక్కులో పడ్డప్పుడు, ఒకప్పుడు యోసేపును అమ్మేద్దామని సలహా ఇచ్చిన యూదాయే ముందుకొచ్చి "ఆ చిన్నవాడికి బదులు నన్ను దాసుడిగా ఉంచుకోండి" అనే వరకు. తమ్ముణ్ణి అమ్మినవాడు తమ్ముడి కోసం తనని తాను ఇచ్చుకున్నాడు. అప్పుడు యోసేపు అందర్నీ బయటికి పంపి గట్టిగా ఏడ్చి పేరు చెప్పాడు.

దావీదు మాటా అంతే. తనను చంపడానికి వెంటాడుతున్న రాజు సౌలు నిద్రలో దొరికితే అతని ఈటె తీసుకుని వచ్చేశాడు గాని పొడవలేదు. సౌలు "నాయనా దావీదూ, తిరిగి రా" అని పిలిచాడు. దావీదు ఏమన్నాడంటే, ఇదిగో ఈటె, పనివాళ్ళలో ఒకణ్ణి పంపి తీసుకెళ్ళండి అని. తాను వెళ్ళలేదు. ఆ వెంటనే ఫిలిష్తీయుల దేశానికి తప్పించుకుపోయాడు. పౌలు తిమోతికి రాసిన రెండో ఉత్తరం చివర్లోనూ ఇదే కనిపిస్తుంది. అలెక్సంద్రు అనే కంచరివాడు నాకు చాలా కీడు చేశాడు, నువ్వూ అతనితో జాగ్రత్త అని పేరు పెట్టి మరీ రాశాడు. ఆ తర్వాతి వచనంలో, విచారణ రోజు తనను వదిలేసి పోయినవాళ్ళ గురించి, ఇది వాళ్ళకు నేరంగా ఎంచబడకూడదు అన్నాడు. జాగ్రత్త చెప్పిన కలమే క్షమాపణా రాసింది.

ఆర్కే బీచ్‌లో సాయంత్రం నిలబడితే దూరంగా లంగరు వేసి ఆగిన ఓడలు కనిపిస్తాయి. హార్బరుకు వాటి మీద పగేమీ లేదు. బెర్తు ఖాళీ అయి, పైలట్ ఎక్కి, లోపలికి తెచ్చే వేళ వచ్చేదాకా అవి అక్కడే ఉంటాయి. నమ్మకం కూడా అలాగే, మనం ఒక్కరమే ఇవ్వాలనుకుంటే ఇచ్చేసేది కాదు, అవతలివాడి నడత బట్టి లోపలికి వచ్చేది. "శక్యమైతే మీ చేతనైనంత మట్టుకు సమస్త మనుష్యులతో సమాధానముగా ఉండుడి" అన్నాడు పౌలు. శక్యమైతే అన్నాడంటే, శక్యం కాని రోజులుంటాయని ఆయనకు తెలుసు.

ఇక నాలుగో ముడి, కోర్టు, పోలీసు. ఇక్కడ పెద్దలకు బలమైన వచనమే ఉంది. 1 కొరింథీ 6లో పౌలు, విశ్వాసులు ఒకరి మీద ఒకరు బయటి న్యాయస్థానాలకు ఎక్కుతున్నారని మండిపడ్డాడు. అంతకంటే అన్యాయం సహించడం మేలు కదా అన్నాడు. దీన్ని తప్పించుకుని పోకూడదు. కానీ దాని ముందు వచనాల్లో, మీలో మీరు తగవు తీర్చగల బుద్ధిమంతుడు ఒక్కడైనా లేడా అని అడిగాడు. తర్వాతి వచనంలో మోసం చేసినవాళ్ళ వైపు తిరిగి, మీరే అన్యాయం చేస్తున్నారు, అదీ సొంత సహోదరులకే అని కడిగేశాడు. అంటే కోర్టుకు వెళ్ళొద్దు అనే హక్కు ఏ సంఘానికి ఉంటుంది? దస్తావేజులు తెప్పించి, ఇద్దరి మాటా విని, తినేసిన సొమ్ము కక్కించగల సంఘానికి. ఆ పని చేతకాదు గాని కోర్టు గుమ్మం ఎక్కొద్దు అంటే అది సగం వాక్యం. పౌలు అక్కడ మాట్లాడుతున్నది ఆస్తి, డబ్బు లాంటి తగాదాల గురించి. తనదాకా వచ్చినప్పుడు ఆయనే ఫిలిప్పీలో, విచారణ లేకుండా రోమా పౌరులమైన మమ్మల్ని కొట్టించారు, ఇప్పుడు చాటుగా పొమ్మంటారా, వాళ్ళే వచ్చి మమ్మల్ని బయటికి తీసుకెళ్ళాలి అని పట్టుబట్టాడు. తర్వాత రోమా చక్రవర్తి కైసరుకు అప్పీలు చేసుకున్నాడు.

మనకు దగ్గర్లోనే, ఒడిశాలో, దీనికి పెద్ద ఉదాహరణ ఉంది. బారిపదాలో కుష్ఠురోగుల మధ్య పనిచేసిన ఆస్ట్రేలియా మిషనరీ గ్రాహం స్టెయిన్స్‌ను, ఆయన కొడుకులు పదేళ్ళ ఫిలిప్‌ను, ఆరేళ్ళ తిమోతిని 1999 జనవరిలో కెందుఝర్ జిల్లా మనోహర్‌పూర్‌లో బండిలో నిద్రపోతుండగా తగలబెట్టారు. భార్య గ్లాడిస్ హంతకుల్ని క్షమించానని చెప్పింది, కూతురితో బారిపదాలోనే ఉండి ఆ రోగుల పని కొన్నేళ్ళు కొనసాగించింది. ఆమె క్షమించింది కదా అని కేసు ఆగలేదు. ముఖ్య నిందితుడు దారా సింగ్‌కు 2003లో మరణశిక్ష పడింది, 2005లో హైకోర్టు దాన్ని యావజ్జీవంగా మార్చింది, 2011లో సుప్రీంకోర్టు దాన్నే ఖాయం చేసింది. ఆమె క్షమాపణ ఆమె మనసుకు సంబంధించింది. తీర్పు రాజ్యానికి సంబంధించింది. ఒకటి రెండోదాన్ని కొట్టేయలేదు.

ఇంట్లో దెబ్బల విషయంలో నాకు ఓపిక తక్కువ. తాగి కొట్టే భర్త దగ్గరికి "ఇంకో చెంప చూపించు, నీ ప్రార్థనే అతన్ని మారుస్తుంది" అని ఆడపిల్లను తిరిగి పంపడం ఈ ఊళ్ళో ఇంకా జరుగుతోంది. చెంప మాట చెప్పిన యేసునే ప్రధాన యాజకుడి ముందు ఒక బంట్రోతు కొట్టాడు. ఆయన రెండో చెంప తిప్పలేదు. నేను తప్పు మాట్లాడితే ఆ తప్పేంటో చెప్పు, మంచి మాట్లాడితే ఎందుకు కొడుతున్నావు అని అడిగాడు. తిట్టలేదు, తిరిగి కొట్టలేదు, ఊరుకోనూ లేదు. భార్యలు లోబడి ఉండాలన్న 1 పేతురు 3లోనే, భార్యను గౌరవించని భర్త ప్రార్థనలకు అడ్డం పడుతుందని ఏడో వచనం చెప్తుంది. ముందు అతని ప్రార్థన సంగతి చూడాలి కదా. గృహహింస నుంచి రక్షణకు 2005 చట్టం ఉంది. దాని కింద మేజిస్ట్రేటు భర్తను కొట్టకుండా, బెదిరించకుండా కట్టడి చేస్తూ ఉత్తర్వు ఇవ్వొచ్చు, ఆమెను ఇంట్లోంచి గెంటకుండా ఆపొచ్చు, ఖర్చులకు డబ్బు ఇప్పించొచ్చు. ఆ ఉత్తర్వు మీరితే అది నేరం. 181కి ఫోన్ చేస్తే ఎక్కడికి వెళ్ళాలో చెప్తారు. ఇవన్నీ చేసి కూడా ఆ భర్త కోసం ప్రార్థించవచ్చు. అతని చేతులు కట్టేయడం అతనికీ మేలే.

పిల్లల మీద లైంగిక దాడి అయితే సంఘంలో సర్దుకునే ప్రశ్నే లేదు. 2012 పోక్సో చట్టం ప్రకారం సంగతి తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. దాచితే ఆరు నెలల దాకా జైలు పడొచ్చు. పాస్టరుకు, సంఘ పెద్దకు మినహాయింపు లేదు.

ఇన్ని చెప్పాక కూడా ఒక గట్టి వచనం మిగిలే ఉంటుంది. పరలోక ప్రార్థన అయిన వెంటనే, మీరు మనుషుల అపరాధాలు క్షమించకపోతే మీ తండ్రీ మీవి క్షమించడు అని. రాత్రుళ్ళు చాలామందికి నిద్ర పట్టనివ్వని వచనం ఇది. "నాకింకా కోపం పోలేదు, నా రక్షణ ఏమైపోతుందో" అని టెన్షన్ పడేవాళ్ళు చాలామంది ఉంటారు. మత్తయి 18లో క్షమించని దాసుడి ఉపమానం దీనికి సాయపడుతుంది. పదివేల తలాంతుల కొండంత బాకీ మాఫీ అయినవాడు, తనకు నూరు దేనారాల చిన్న బాకీ ఉన్నవాడి గొంతు పట్టుకున్నాడు. బాకీదారుడు కాళ్ళ మీద పడి కాస్త ఓర్చుకోమన్నాడు, వీడు ఒప్పుకోక చెరసాలలో వేయించాడు. శిక్ష పడింది ఆ గొంతు పట్టుకున్న చేతికి. గాయం మానక ఏడుస్తున్న మనిషి ఆ కథలో ఎక్కడా లేడు. నాతో కలిసి దేవుడి మందిరానికి నడిచిన స్నేహితుడే నన్ను ముంచాడని 55వ కీర్తన కోపంగానే మొరపెడుతుంది, 109వ కీర్తన అయితే శత్రువును చదివేవాళ్ళకు ఇబ్బంది కలిగేంతగా శపిస్తుంది. ఆ కోపం దేవుడి ముందు కక్కేశారు, పొరుగింటి మీద కాదు. అందుకే అవి ప్రార్థన పుస్తకంలో ఉన్నాయి.

క్షమించను అనడం వేరు, ఇంకా క్షమించలేకపోతున్నాను అనడం వేరు. రెండోది చెప్పేవాళ్ళు అప్పటికే సగం దారిలో ఉన్నారు. పైగా ఒకసారి వదిలేశాం అనుకున్న కోపం ఆరు నెలల తర్వాత పెళ్ళి వీడియోలో ఆ మొహం కనపడగానే మళ్ళీ లేస్తుంది. అంటే మొదటిసారి అబద్ధం చెప్పామని కాదు. అదే దెబ్బకు మళ్ళీ ఇంకోసారి క్షమించాలి. ఏడు డెబ్బదులు ఒక్కోసారి ఒకే తప్పుకు సరిపోతాయి. దయ్యం పట్టిన కొడుకును తెచ్చిన తండ్రి, నమ్ముతున్నాను, నా అపనమ్మకానికి సాయం చెయ్యి అన్నాడు. యేసు ఆ అరకొర నమ్మకానికే కొడుకును బాగుచేశాడు. "ప్రభువా, వాణ్ణి క్షమించాలని నాకు లేదు. ఆ మనసు నువ్వే ఇవ్వు. వాడి పిల్లలు చల్లగా ఉండాలి" అన్నది కూడా అలాంటి ప్రార్థనే. దానికి అవతలి మనిషి ఎదురుగా ఉండక్కర్లేదు, ఒప్పుకోనక్కర్లేదు, బతికి ఉండక్కర్లేదు కూడా. ఆమేన్ అన్నాక అతని నంబరు బ్లాక్‌లోనే ఉంచుకోవచ్చు.